కోతల కాలంలో కాపలా: మామిడి రైతుల సర్వర్ డైరీ

ఏప్రిల్ ఆఖరు, 2025

తోతాపురి కోతలు మొదలయ్యేలోపు సర్వర్‌ను గట్టి చేసుకోవాలని అనుకున్నాం. రేపు ఇంకెవరైనా ఈ పని అందుకుంటే ఏ తాళం ఎందుకు వేశామో, ఏది ఎందుకు వేయలేదో తెలియాలి కదా, అందుకే రాసి పెడుతున్నా.

కొత్తవాళ్లకు రెండు ముక్కలు. ఇది చిత్తూరు, తిరుపతి జిల్లాల మామిడి రైతులు మాట్లాడుకునే చోటు. పూత మీద తేనెమంచు పురుగు, పిందె మీద బూడిద తెగులు, కాయ ముదిరాక పండు ఈగ, పూత రప్పించే కల్టార్ మందు ఎంత మోతాదు పోయాలి, దామలచెరువులో ఈరోజు ధరెంత... ఇలాంటివే ప్రశ్నలన్నీ. ఇంతకుముందు ఇదంతా వాట్సాప్ గ్రూపుల్లో నడిచేది. అక్కడ నిన్న సారు రాసిన మంచి జవాబు ఈరోజు గుడ్ మార్నింగ్ బొమ్మల కింద పడి మళ్లీ దొరకదు. వెతికితే దొరికే చోట పెడదామని ఈ వేదిక మొదలుపెట్టాం. జీతాలు లేవు, ప్రకటనలు లేవు. ముంబయిలో ఉన్న ఒక చిన్న అద్దె సర్వర్, 4 జీబీ ర్యామ్. అద్దె తలా ఇంత వేసుకుంటాం.

మనుషుల విషయానికొస్తే, నేను తిరుపతిలో పగలు వేరే ఉద్యోగం చేసుకుంటూ సర్వర్ సంగతి చూస్తాను. రేణిగుంటలో ఎలక్ట్రానిక్స్ కంపెనీలో షిఫ్టులు చేసే తమ్ముడు ఒకడున్నాడు, వాడికి నైట్ డ్యూటీ పడితే మాకు నిశ్చింత. అగ్రికల్చర్ కాలేజీలో పీజీ చేస్తున్న అమ్మాయి తెగుళ్ల మీద వచ్చే జవాబులు సరిచూస్తుంది. ఉద్యానశాఖలో రిటైరైన సారు ఉన్నారు. వీళ్లు కాక బంగారుపాళ్యం దగ్గర తోట ఉన్న అన్న. ఆయనకు కంప్యూటర్ తెలీదు. కానీ రాసినవాడు రైతా కాదా అన్నది ఒక్క వాక్యం చదివి చెప్పేస్తాడు.

ఆ అన్న ఫోనే మా పరీక్ష. పాత ఆండ్రాయిడ్, అద్దం పగిలింది, తోటలో సిగ్నల్ ఒక గీత ఉంటే గొప్ప. ఏ రక్షణ పెట్టినా ముందు ఆ ఫోన్లో, ఆ తోటలో పనిచేయాలి. అక్కడ తెరుచుకోకపోతే అది ఎంత గొప్ప రక్షణైనా మాకు వద్దు. బాట్లను, అంటే మనిషి వేషంలో సైట్ల మీద తిరిగే ప్రోగ్రాములను, ఆపడం పెద్ద కష్టం కాదు, తలుపులన్నీ మూసేస్తే ఒక్కటీ రాదు. అన్న కూడా రాలేడు. సీజనంతా మా గొడవ ఈ రెండింటి మధ్యే.

మే మొదటి వారం

రిజిస్ట్రేషన్లు వరదలా వస్తున్నాయి. పేర్లు చూస్తే అక్షరాలు కలగాపులగం, చివర నాలుగు అంకెలు. ఒక్కటీ పోస్టు పెట్టదు. మొదట చూసినవాళ్లకు ఇవి ఎందుకొస్తున్నాయో అర్థం కాదు. ప్రొఫైల్లో 'నా గురించి' అనే గడి ఉంటుంది చూడండి, అక్కడ ఒక లింకు పెట్టి పోతాయి. ఎక్కువ చోట్ల లింకు కనపడితే గూగుల్ తమను పైకి లేపుతుందని ఆశ. ఈ ఆశ తెంచడానికే గూగుల్ 2005లో నోఫాలో అనే గుర్తు తెచ్చింది. ఆ గుర్తున్న లింకుకు ర్యాంకులో విలువ ఇవ్వమని అప్పట్లో చెప్పారు. మా లింకులన్నిటికీ ఆ గుర్తు ఉంది. అయినా వస్తూనే ఉన్నాయి. బాటుకు చదివే ఓపిక ఎక్కడిది? లక్ష తలుపులు తడితే ఒకటి తెరుచుకోదా అన్న లెక్క దానిది.

మన ఊరి పేరు పెట్టుకున్నందుకు ఇంకో రకం అదనం. తిరుమల గదులు, 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు మేమిప్పిస్తామని నకిలీ సైట్ల లింకులు. టీటీడీ ఈ నకిలీ సైట్ల గురించి హెచ్చరిస్తూనే ఉంటుంది, ఇవి పుడుతూనే ఉంటాయి. మామిడి తెగులు గురించి అడిగినచోట దర్శనం టికెట్టు ఏంటని నవ్వుకున్నాం గానీ, మా దగ్గర చదివేవాళ్లలో పెద్దవాళ్లు ఎక్కువ. ఒక్కరు నమ్మి డబ్బు కట్టినా ఆ పాపం మా గడప మీదే.

చేసినవి ఇవి. కొత్త ఖాతా ప్రొఫైల్లో లింకు పెట్టినా అది ఎవరికీ కనపడదు, కొన్ని మంచి పోస్టులు పడ్డాకే కనపడుతుంది. ఫారంలో కంటికి కనపడని గడి ఒకటి దాచాం. మనిషి దాన్ని నింపడు, బాటు అన్ని గడులూ నింపుతుంది కాబట్టి దొరికిపోతుంది. పేజీ తెరిచిన రెండు సెకన్లలోనే ఫారం పంపినా తీసుకోం, తెలుగు టైపు చేసే మనిషికి అది సాధ్యం కాదు. ఈ మూడు చిన్న పనులతోనే గోల చాలా తగ్గింది. ఖర్చు సున్నా, అన్న ఫోన్లో ఏమీ మారలేదు.

వచ్చింది మనిషేనా అని బొమ్మలతో పరీక్షించే క్యాప్చా పెడదామని తమ్ముడు గట్టిగా అన్నాడు. అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీ పరిశోధకులు 2003లో ఆ పేరుతో పేపర్ వేసినప్పుడు అది మంచి ఆలోచనే. ఇప్పుడు వాటిని డబ్బులిచ్చి మనుషులతో విప్పించే సేవలే ఉన్నాయి. మనవైపు చూస్తే, అమెరికా రోడ్డు మీది ఫైర్ హైడ్రంట్ బొమ్మలు చూపించి అవి ఎక్కడున్నాయో నొక్కమంటే అన్న ఏం నొక్కుతాడు? పెట్టి చూపించాం. "ఇదేంది సామీ, నన్ను పరీక్షకు కూర్చోబెడతా ఉండావు" అని ఫోను వెనక్కి ఇచ్చేశాడు. అంతటితో క్యాప్చా మాట ముగిసింది.

దాని బదులు తెలుగులో ఒక ప్రశ్న పెట్టాం. పండు ఈగ ఎర బుట్టలో ఏం పెడతారు, బెంగుళూర అని ఏ కాయను అంటారు, ఇలాంటివి మార్చి మార్చి వస్తాయి. ఈ రోజుల్లో ఏఐ వాడే బాటు దీనికీ జవాబు చెప్పగలదు, తెలుసు. కానీ లక్ష తలుపులు తట్టేవాడు ఒక్క తలుపు దగ్గర అంత ఖర్చు పెట్టడు.

ఓటీపీ గురించి చాలామంది అడుగుతారు కాబట్టి అదీ రాస్తున్నా. మన దేశంలో ఇలా ఎస్సెమ్మెస్ పంపాలంటే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనల ప్రకారం టెలికాం కంపెనీల దగ్గర డీఎల్‌టీ అనే నమోదు వ్యవస్థలో సంస్థగా చేరాలి, పంపే సందేశం నమూనా కూడా ముందే ఆమోదం పొందాలి. మేము నమోదైన సంస్థ కాదు. పైగా ఓటీపీ గడి తెరిచి ఉంటే బాట్లు ఊరికే నంబర్లు కొడుతూ పోతాయి, ఒక్కో ఎస్సెమ్మెస్ బిల్లు మనకు. అందుకే హామీ పద్ధతి పెట్టాం. పాత సభ్యుడు ఎవరైనా పిలిస్తే నేరుగా లోపలికి రావచ్చు. పిలిచినవాళ్లు లేకపోతే మొదటి పోస్టును మాలో ఒకరు చూశాక పైకి వస్తుంది. ఊళ్లో అప్పు ఇచ్చేటప్పుడు అడిగే హామీలాగే, పిలిచినవాడి పేరు పక్కనే ఉంటుంది.

మే మూడో వారం

ఈ వారమంతా ఫిల్టర్‌తోనే సరిపోయింది. విసుగూ వచ్చింది, కొత్త సంగతులూ తెలిశాయి.

స్పామ్ పసిగట్టే పద్ధతుల్లో పేరున్నది బేయ్స్ లెక్క. ఏ మాట స్పామ్‌లో ఎన్నిసార్లు వస్తుంది, మంచి పోస్టులో ఎన్నిసార్లు వస్తుంది అని చూసి అంచనా కడుతుంది. ఇంగ్లిష్ స్పామ్‌తో నేర్పిన ఫిల్టర్‌ను తెచ్చి పెడితే మన తెలుగు పోస్టులు దానికి అగమ్యగోచరం. ఇంకో చిక్కు, రైతులు రాసే మందుల పేర్లు. ఇమిడాక్లోప్రిడ్, థయోమిథాక్సామ్, హెక్సాకొనజోల్ అని ఇంగ్లిష్ అక్షరాల్లో, మోతాదుతో సహా రాస్తే దొంగ మాత్రలు అమ్మే ప్రకటనలా కనపడుతుంది ఫిల్టర్‌కు. మా పాత పోస్టులన్నీ మంచివిగా చూపించి మొదటి నుంచి నేర్పాల్సి వచ్చింది. పీజీ అమ్మాయి మందుల పేర్లన్నీ రాసిచ్చింది, రైతులు రాసే తప్పు స్పెల్లింగులతో సహా. ఆ జాబితా లేకపోతే ఏ లెక్కా పనిచేసేది కాదు.

తర్వాతది ఇంకా తమాషా. స్పామర్లు నిషిద్ధ మాటల మధ్యలో కంటికి కనపడని సున్నా వెడల్పు అక్షరాలు దూర్చి ఫిల్టర్‌ను దాటేస్తారు. వాటన్నిటినీ తీసేయమని ప్రతి గైడ్‌లోనూ సలహా ఉంటుంది. ఇంగ్లిష్‌కు సరే. తెలుగులో ఆ కనపడని అక్షరంతో పనుంది. 'ఆన్‌లైన్' అని రాసినప్పుడు న-పొల్లు, ల కలిసి ఒత్తుగా మారకుండా మధ్యలో ఆపేది అదే. తీసేస్తే ఆ మాట 'ఆన్లైన్' అని ఒత్తు పడి కనపడుతుంది. సభ్యుల పోస్టులు కళ్లముందే వికారంగా మారిపోతాయి. కాబట్టి పోస్టును ముట్టుకోం. దానికి ఒక నకలు తీసి, ఆ నకల్లో మాత్రం అవన్నీ తీసేసి ఫిల్టర్‌కు చూపిస్తాం.

పోస్టు పొడవు పరిమితి కూడా అంతే. సాఫ్ట్‌వేర్ ఆ పరిమితిని బైట్లలో లెక్కపెడుతోంది. కంప్యూటర్ అక్షరాలను దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు, తెలుగులో ఒక్కో సంకేతానికి మూడు. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరమే ఆరు సంకేతాలు, పద్దెనిమిది బైట్లు. రైతు నాలుగు వాక్యాలు రాసేసరికి 'చాలా పెద్దది' అని వెనక్కి కొట్టేది. అక్షరాల లెక్కకు మార్చాం.

తమ్ముడు 2018 సంగతి గుర్తుచేశాడు. 'జ్ఞా' అనే మన అక్షరం మధ్యలో ఆ కనపడని అక్షరం దూరి మెసేజ్‌లో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కూలిపోయేవి. ఆ ఫిబ్రవరిలో ఆపిల్ కంపెనీ 11.2.6 అప్‌డేట్ ఇచ్చి సరిచేసేదాకా జనం ఒకరిమీద ఒకరు దాన్ని ఆయుధంలా విసురుకున్నారు.  మా సభ్యుల్లో ఐఫోన్ ఉన్నవాళ్లు ఎందరని సారు అడిగితే అందరం నవ్వాం.

జూన్ మొదట్లో

కోతలు మొదలయ్యాయి, ధర పడిపోయింది. ఈసారి చిత్తూరులో తోతాపురి సంగతి రాష్ట్రమంతా తెలిసిందే. పల్ప్ ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, మొత్తం 12 అని ప్రకటించారు. పక్క రాష్ట్రాల కాయ జిల్లాలోకి రాకుండా ఆపారు. ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్ల వరుసలు. మా వేదికలో తెగుళ్ల మాట పోయి అందరూ ధర, క్యూ, లోడు ఎప్పుడు దిగుతుంది అనే అడుగుతున్నారు. రోజూ చూసేవాళ్లు బాగా పెరిగారు.

సరిగ్గా ఇప్పుడే సర్వర్ నత్తనడక పట్టింది. ఎవరెవరు వచ్చారో సర్వర్ రాసుకునే లాగ్‌లు తెరిస్తే ఎక్కువ భాగం రైతులు కాదు. ఏఐ మోడళ్లకు పాఠం చెప్పడానికి నెట్టంతా ఊడ్చుకుపోయే క్రాలర్లు. ఎప్పటివో పాత పోస్టులు, ఒక్కో సభ్యుడి ప్రొఫైలు, ఒకే పేజీని వేర్వేరు వరస క్రమాల్లో చూపించే అన్ని రకాలు, అన్నీ తోడేస్తున్నాయి. మా ఒక్కరి బాధ కాదిది. తమ దగ్గర బాగా ఖర్చయ్యే ట్రాఫిక్‌లో 65 శాతం బాట్లదేనని వికీపీడియా నడిపే వికీమీడియా వాళ్లు ఈ ఏప్రిల్‌లోనే చెప్పారు. అంత పెద్దవాళ్లకే అలా ఉంటే 4 జీబీ ర్యామ్ ఏ మూలకు?

ఏది తీసుకోవచ్చో, ఏది వద్దో బాట్లకు చెప్పే రోబోట్స్ ఫైలు మర్యాద 1994 నుంచి ఉంది. 2022లో దానికి ప్రామాణిక పత్రం కూడా వచ్చింది. అది మర్యాద మాత్రమే, గోడ కాదు. పేరు చెప్పుకుని వచ్చేవి చాలావరకు దాన్ని పాటిస్తాయి. బ్రౌజర్ వేషం వేసుకుని వచ్చేవాటికి అది లెక్కలేదు.

వీటిని ఆపడానికి ఈ ఏడాది చాలామంది అనూబిస్ అనే సాఫ్ట్‌వేర్ పెడుతున్నారు. పేజీ ఇచ్చేముందు చూసేవాడి బ్రౌజర్‌తో ఒక లెక్క చేయిస్తుంది. ఆలోచన పాతదే, ఈమెయిల్ స్పామ్‌ను ఆపడానికి 1997లో ఆడమ్ బ్యాక్ చెప్పిన హ్యాష్‌క్యాష్ ఇదే బాపతు. ఒకరికి ఒక లెక్క భారం కాదు, లక్షల పేజీలు తోడేవాడికి భారం. మాకు నచ్చింది. అన్న ఫోన్లో పెట్టి చూశాం. లెక్క అయ్యేలోపు ఫోను వేడెక్కింది, స్క్రీన్ ఆగిపోయింది. కొత్త ఫోన్లో కన్నుమూసి తెరిచేలోపు అయిపోయే పని అది. భారం పడాల్సింది తోడేవాడి మీదైతే, పడింది పాత ఫోనువాడి మీద.

అలాగని వదిలేయలేదు. ఈరోజు చర్చలు, ధరల పేజీ ఏ లెక్కా అడగవు. ఏడాది దాటిన పాత పేజీలు, ప్రొఫైళ్లు, రకరకాల వరస క్రమాలు మాత్రం లాగిన్ కానివాళ్లను లెక్క అడుగుతాయి. రైతుకు వాటితో రోజూ పనుండదు. క్రాలర్‌కు కావలసింది సరిగ్గా అవే.

జూన్ రెండో సగం

ఇది రాయడానికి టైమ్ పట్టింది. నిద్ర సరిగా లేదు.

ఒక రాత్రి తమ్ముడు షిఫ్టు మధ్యలో ఫోన్ చేశాడు. "అన్నా, సైట్ తెరుచుకోవడం లేదు, ప్రాసెసర్ నూటికి నూరు కొడుతోంది." చూస్తే ఒకే పేజీ మీద దాడి. వెతుకులాట పేజీ. ఎవరు చేస్తున్నారో గానీ, మా బలహీనత ఎక్కడుందో తెలిసి కొట్టారు. తెలుగులో వెతకడం సర్వర్‌కు చాలా ఖరీదైన పని. మామిడి, మామిడికి, మామిడిలో, మామిడితోటలో అని మాట తోక మారుతూ ఉంటుంది. అందుకే మొత్తం మాట కాకుండా మాట ముక్కను పట్టుకుని వెతికేలా పెట్టాం. ఒక్కో వెతుకులాటకు డేటాబేస్ అంతా కదులుతుంది. అర్థంలేని అక్షరాలతో అలాంటివి ఆగకుండా పంపితే ఇంక పైకి లేవదు.

పేజీ ఇమ్మని అడిగే విన్నపాలు వచ్చిన ఐపీలు, అంటే నెట్‌లో చిరునామాలు, వేర్వేరు దేశాలవి, మన దేశానివీ ఉన్నాయి. 2016లో మిరాయ్ అనే దొంగ ప్రోగ్రాం బయటపడ్డప్పటి నుంచి ఈ కథ అందరికీ తెలిసిందే. పాస్‌వర్డ్ మార్చకుండా వదిలేసిన సీసీ కెమెరాలు, రౌటర్లను లాక్కుని వాటితో దాడి చేయిస్తారు. తోట కాపలాకు పెట్టిన కెమెరానే ఇంకెవరి సర్వర్ మీదో రాళ్లేస్తూ ఉండొచ్చు, దాని యజమానికి తెలియదు.

అందరూ మొదట చెప్పేది, ఒక ఐపీ నుంచి ఎక్కువ విన్నపాలు వస్తే ఆ ఐపీని మూసేయమని. పేజీలు అందించే ఇంజిన్ఎక్స్ సాఫ్ట్‌వేర్‌లో అది ఒకట్రెండు లైన్ల పని. తమ్ముడి వేలు బటన్ మీదే ఉంది. ఆగి, బాగా విన్నపాలు వచ్చిన మన దేశపు చిరునామాలు కొన్ని తీసి, అక్కడి నుంచి లాగిన్ అయిన సభ్యులు ఎవరని చూశాం. ఒకే ఐపీ వెనక ఇరాలలో ఒకరు, పాకాలలో ఒకరు, పూతలపట్టులో ఒకరు, ఎవరో తెలియని బాట్లు కూడా. మొబైల్ కంపెనీల దగ్గర పాత రకం ఐపీవీ4 చిరునామాలు చాలవు, అందుకే ఒక్క చిరునామాను ఎంతోమందికి పంచుతారు. దీన్ని సీజీనాట్ అంటారు. ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉన్న దేశాలవాళ్లు రాసిన సలహాల్లో ఐపీ అంటే ఒక ఇల్లు. మన దగ్గర ఐపీ అంటే కొన్ని మండలాలు. ఆ బటన్ నొక్కి ఉంటే ఆ తెల్లవారి లోడు తోలుకెళ్లేవాళ్లు ఎంతమందికి ధర తెలిసేది కాదో.

దీనికి విరుగుడు ఎదురుగానే ఉంది, మేమే పట్టించుకోలేదు. మన దేశంలో మొబైల్ నెట్‌వర్క్‌లు కొత్త రకం చిరునామాలైన ఐపీవీ6లో చాలా ముందున్నాయి, జియో మరీను. ఐపీవీ6లో ఒక్కో ఫోనుకు దాని సొంత చిరునామాల వరస, /64 అంటారు, విడిగా వస్తుంది. మా సర్వర్‌కు ఐపీవీ6 చిరునామా ఇచ్చి సైట్ పేరుకు చిరునామా చెప్పే డీఎన్‌ఎస్‌లో చేర్చగానే చాలామంది సభ్యులు ఆ దారిన రావడం మొదలైంది. ఇప్పుడు ఎవరి ఫోను వాళ్లదిగా కనపడుతోంది. లెక్కపెట్టేటప్పుడు మాత్రం పూర్తి చిరునామా కాదు, /64 వరకే చూడాలి. లేకపోతే దాడి చేసేవాడు ఆ వరసలోనే చిరునామాలు మార్చుకుంటూ పోతాడు.

ఐపీవీ4 దారిన వచ్చేవాళ్లకు వేరే లెక్క. లాగిన్ అయినవాళ్లను ఐపీతో కాకుండా వాళ్ల సెషన్‌తో గుర్తుపడతాం. లాగిన్ కానివాళ్లను ఆపం, ఖరీదైన పేజీలను ఆపుతాం. వెతుకులాట లాగిన్ అయితేనే. మిగతా పేజీలు ఒక నిమిషం పాటు దాచిన నకలు ఇస్తాం. ధరల పేజీని ఆ నిమిషంలో వెయ్యిమంది తెరిచినా డేటాబేస్‌కు పని ఒక్కసారే. అసలు అప్లికేషన్ పడిపోతే పాత నకలునే చూపించమని ఇంజిన్ఎక్స్‌కు చెప్పాం. కొత్త పోస్టు పెట్టలేకపోవచ్చు గానీ నిన్నటి జవాబు చదువుకోవచ్చు. ఇంతకు మించి ఏ ఒక్క మార్పూ సీజన్లో ఇంత పనికి రాలేదు.

ఇదంతా పేజీల మీద పడే దాడులకు. సర్వర్‌కు వచ్చే నెట్ లైన్‌నే నింపేసే రకం దాడి వస్తే మా చేతిలో ఏమీ ఉండదు, సర్వర్ అద్దెకిచ్చినవాళ్లు మిగతా ఖాతాదారుల కోసం మా చిరునామానే నెట్ నుంచి తీసేస్తారు. అందుకే సర్వర్ ముందు నిలబడి దాడులను వడకట్టే క్లౌడ్‌ఫ్లేర్ కంపెనీ ఉచిత ప్లాన్ వెనక్కి చేరాం. పెద్ద దాడులకైనా అదనంగా బిల్లు వేయమని వాళ్లు 2017లోనే చెప్పారు. ఒక పెద్ద కంపెనీ నీడన చేరడం సారుకు నచ్చలేదు, నాకూ పూర్తిగా ఇష్టం లేదు. కానీ సీజన్ మధ్యలో ఇంకో దారి లేదు.

ఇక్కడ కొత్తవాళ్లకు రెండు జాగ్రత్తలు. వాళ్ల వెనక్కి వెళ్లగానే సర్వర్ పాత ఐపీ మార్చాలి, ఎందుకంటే అది పాత డీఎన్‌ఎస్ రికార్డుల్లో ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. సర్వర్ నేరుగా పంపే ఈమెయిల్ హెడర్లలోనూ ఐపీ బయటపడుతుంది, అందుకే మెయిల్ వేరే సర్వీసు ద్వారా పంపుతున్నాం. ఫైర్‌వాల్‌లో క్లౌడ్‌ఫ్లేర్ చిరునామాలకు తప్ప వెబ్ పోర్టులు తెరవలేదు. రెండోది, అసలు సందర్శకుడి ఐపీని వాళ్లు పంపే హెడర్ నుంచి తీసుకోమని సర్వర్‌కు చెప్పాలి. చెప్పకపోతే, అనుమానం వచ్చిన ఐపీలను తనంతట తానే మూసే ఫెయిల్‌టుబ్యాన్ ప్రోగ్రాం క్లౌడ్‌ఫ్లేర్‌నే దొంగ అనుకుని తాళం వేస్తుంది. అప్పుడిక బయటి దాడి అవసరం లేదు.

వచ్చే ప్రతి బ్రౌజర్‌నూ ముందు పరీక్షించే వాళ్ల 'దాడిలో ఉన్నాం' బటన్ మాత్రం వాడటం లేదు. అన్న ఫోన్లో అది తిరుగుతూనే ఉంటుంది.

జూన్ చివరి రోజులు

మెయిల్ వచ్చింది. బిట్‌కాయిన్ కడితే ఆపుతాం, లేకపోతే రేపు పదింతలు అని. కట్టలేదు. కట్టాలన్నా మా దగ్గర లేదు, తమ్ముడు ఆ సంగతే జవాబు రాద్దామన్నాడు, వద్దన్నాను. ఇలాంటి బెదిరింపులు చాలా ఉత్తవే. అర్మాడా కలెక్టివ్ అనే దాడి ముఠా పేరు వాడుకుని ఎవరో 2016లో ఎన్నో కంపెనీలకు మెయిళ్లు పంపి, ఒక్కరి మీదా దాడి చేయలేదని క్లౌడ్‌ఫ్లేరే రాసింది. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టి, మెయిల్ హెడర్లతో సహా దాచాం. మర్నాడు పదింతలేమీ రాలేదు.

కానీ లాగ్‌లతో డిస్క్ నిండిపోయింది. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల్లో లాగ్‌లు 180 రోజులు ఉంచాలని, దాడి సంగతి తెలిసిన 6 గంటల్లో చెప్పాలని ఉంది. మనలాంటి చిన్నవాళ్లు దాన్ని చదవను కూడా చదవరు. దాడి జరిగే రాత్రి లాగ్ ఎంత పెద్దదవుతుందో, దాంతో డేటాబేస్ రాయడానికి చోటు లేక ఎలా ఆగిపోతుందో చూశాక, లాగ్‌లను గంట గంటకూ కుదించి వేరే చోటికి పంపేలా పెట్టాం.

జూలై

ఇప్పటిదాకా రాసినవన్నీ కలిపినా, ఈ ఒక్క పోస్టు చేయగలిగినంత నష్టం చేయవు.

ఫలానా ఫ్యాక్టరీవాళ్లు ఆన్‌లైన్లో టోకెన్లు ఇస్తున్నారు, 500 కడితే వరుసలో నిలబడే పని లేదు, పక్క గేటు నుంచి నేరుగా లోపలికి, కింద యూపీఐ ఐడీ. రోజుల తరబడి ట్రాక్టర్ కిందే పడుకుంటున్న మనిషికి ఆ మాట ఎలా వినపడుతుందో ఊహించుకోండి. పెట్టినవాడు పాత సభ్యుడు. మంచి పేరున్న ఖాతా. భాష తెలుగే, లింకు లేదు, వేగం మామూలే. మా తాళాలన్నీ దాన్ని మర్యాదగా లోపలికి పంపాయి.

పట్టుకున్నది అన్న. నాకు ఫోన్ చేశాడు.

"సామీ, అది వాడు రాసింది కాదు."

"ఎట్లా చెప్తావు అన్నా? ఖాతా ఆయనదే."

"వాడెప్పుడూ టన్నులని రాయడు, ట్రాక్టర్ లెక్కే. ఇంకోటి, ఆ ఫ్యాక్టరీకి పక్క గేటు యాడుండాది? నేను నిన్న ఆడే ఉండా. ముందు దాన్ని తీసేయ్, తర్వాత మాట్లాడదాం."

తీసేశాం. ఆ సభ్యుడికి ఫోన్ చేస్తే ఆయనకేమీ తెలీదు. ఇంకెక్కడో లీకైన పాస్‌వర్డే ఇక్కడా వాడాడు, దాంతో ఎవరో దూరారు. వెంటనే హ్యావ్ ఐ బీన్ పోన్డ్ వాళ్ల సేవ కలిపాం. లీకైన పాస్‌వర్డుల్లో ఇది ఉందా అని అది చూసి చెబుతుంది. అడగడానికి పాస్‌వర్డ్ వాళ్లకు ఇవ్వక్కర్లేదు, దాన్నుంచి లెక్కకట్టిన హ్యాష్ అనే గుర్తులో మొదటి ఐదు అక్షరాలు పంపితే చాలు, మిగతా పోలిక మన దగ్గరే జరుగుతుంది. ఉందంటే లాగిన్‌లోనే మార్చమని అడుగుతాం.

యూపీఐ ఐడీ, క్యూఆర్ కోడ్, ఖాతా నంబరు, ఏది కనపడినా ఆ పోస్టు మనిషి చూసేదాకా ఆగుతుంది. డబ్బు మాట ఇక్కడ అసలు ఉండకూడదని నియమం పెట్టి పైనే రాశాం. పోయిన డబ్బుకు వెంటనే 1930కు ఫోన్ చేయాలని కూడా. ఆ పోస్టు ఉన్న కొద్దిసేపట్లో ఎవరూ కట్టలేదని తెలిశాకే నాకు టెన్షన్ తగ్గింది.

అన్నలాంటివాళ్లను మండలానికి ఒకరిని వెతుకుతున్నాం. వాళ్లకు ఇచ్చేది ఒకే ఒక బటన్, 'దాచు'. తీసేయడం కాదు, దాచడం. నొక్కితే పోస్టు కనపడదు, మాకు కబురొస్తుంది, మేం చూసి తేలుస్తాం. అన్న ఫోన్లో ఆ బటన్ బొటనవేలంత పెద్దది పెట్టాం, పగిలిన అద్దం ఉన్న మూలకు దూరంగా.

ఆగస్టు, సెప్టెంబర్

కోతలైపోయాయి. స్పామ్ మారింది. ఆన్‌లైన్ రమ్మీని మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది, ఈ ఆగస్టులో కేంద్రం డబ్బు పెట్టి ఆడే ఆటలన్నిటి మీదా చట్టం చేసింది. మా దగ్గరికొచ్చే రమ్మీ లింకులకు ఆ వార్త అందినట్టు లేదు.

ఖాళీ దొరికింది కాబట్టి బ్యాకప్ పని పట్టాం. రోజూ డేటాబేస్ నకలు వేరే కంపెనీ సర్వర్‌కు వెళ్తోంది, వారానికొకటి సారు ఇంట్లో ఉన్న హార్డ్ డిస్క్‌కు. బయటికి పంపే సర్వర్‌కు రాసే అధికారమే ఉంది, చెరిపే అధికారం లేదు. సర్వర్ మొత్తం ఎవరి చేతికైనా చిక్కినా పాత నకళ్లు వాళ్లు ముట్టుకోలేరు. నకలు ఉందనుకుంటే చాలదు కదా, ఖాళీ సర్వర్ తీసుకుని దాన్నుంచి మొత్తం లేపి చూశాం. పేజీలు వచ్చాయి, రైతులు పెట్టిన ఆకు ఫోటోలు రాలేదు. ఫోటోలు వేరే ఫోల్డర్లో ఉంటాయి, నకలు తీసే స్క్రిప్ట్‌లో ఆ ఫోల్డర్ పేరే లేదు. ఇప్పుడు చేర్చాం, మళ్లీ లేపితే అన్నీ వచ్చాయి. ఫోటో లేకుండా తెగులు గురించి ఏం చెప్పగలమని పీజీ అమ్మాయి అంటోంది, నిజమే.

సర్వర్‌కు పాస్‌వర్డ్‌తో లాగిన్ పూర్తిగా తీసేసి తాళంచెవి ఫైళ్లతో మాత్రమే పెట్టాం. దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లే ఎస్‌ఎస్‌హెచ్ దారి మీద రోజంతా తలుపు కొట్టే బాట్లను ఇంక చూడక్కర్లేదు. డొమైన్ పేరు ఇప్పటిదాకా నా ఒక్కడి పేరు మీద, నా ఒక్కడి కార్డు మీద ఉంది. అది తమ్ముడి ఖాతాకు కూడా అందేలా చేశాం, గడువు ముగిసే తేదీ ముగ్గురి ఫోన్లలో పెట్టాం.

బ్రహ్మోత్సవాలు దగ్గరపడ్డాయి, దర్శనం టికెట్ల లింకులు మళ్లీ మొదలయ్యాయి. ఈసారి తెలుగులో, చక్కటి తెలుగులో రాస్తున్నారు. ఫిల్టర్‌కు వాటిని చూపించి నేర్పుతున్నాం. వచ్చే పూత నాటికి ఇరాల, పాకాల, దామలచెరువు నుంచి ఒక్కొక్కరు 'దాచు' బటన్ పట్టుకోవడానికి ఒప్పుకున్నారు. పుత్తూరు వైపు ఇంకా ఎవరూ దొరకలేదు.